జానెడు చొక్కా

పదకొండు రోజుల ముసురు తర్వాత
పెరంబూరుకి ఎండ వచ్చిన ఆదివారం.
అటక మీంచి మూడు అట్టపెట్టెలు దించాడు మా ఆయన,
తుమ్ముతూ, ఇల్లు కట్టినవాణ్ణి తిడుతూ.
ఒకదాని మీద మిక్సీ బొమ్మ, ఒకదాని మీద ఫ్యాను,
మూడోదాని మీదిది తేమకి చెరిగిపోయింది.

పాత దుప్పటి పరిచి మధ్యలో కూచున్నాను.
ఆడపడుచు కొడుకు విభవ్ తొడిగి విడిచినవి,
తర్వాత మరిది కూతురు మన్విత,
తర్వాత నా పెద్దది వకుళ.
ఇప్పుడు చిన్నాడు కౌస్తుభ.
వాడికింకా తెలీదు,
తనకంటూ కొన్న చొక్కా ఒక్కటీ లేదని.

చీటీ మీద రెండేళ్లని ఉంటుంది.
ఎవరి రెండేళ్లు?
తిరుప్పూరు రెండేళ్లు వేరు,
పారీస్ కార్నర్ పేవ్‌మెంటు రెండేళ్లు వేరు,
వీడి పొట్టకి నిండిన రెండేళ్లు పూర్తిగా వేరు.
నేను చీటీని నమ్మను.
భుజం కుట్టు దగ్గర బొటనవేలు ఆనించి
అంచు దాకా జాన చాపుతాను.
జానెడు. జానా బెత్తెడు. జానా నాలుగు వేళ్లు.
లాగుకైతే నడుము పట్టీ మడిచి మెడ చుట్టూ తిప్పాలి.
కొసలు కలిసేలోపే
చక్కిలిగింత పుట్టి వాడు వంటింట్లోకి పరుగు,
మొలతాడుతో.

ఇప్పటికివి. వచ్చే ఏడుకివి. ఇంకెవరికో ఇవి.
నాలుగో కుప్ప గురించి అడక్కండి.
సాంబారు మరకలవి, ఎలాస్టిక్ చచ్చినవి,
ఒక్క మోకాలే మిగిలిన పైజమా.
దుమ్ము గుడ్డలు చేస్తాను.
పోయినేడూ ఇదే అన్నాను.

విభవ్ చొక్కాల కాలర్ల లోపల
చేట్‌పట్ చాకలి సిరాతో పెట్టిన గుర్తు:
మూడు చుక్కలు, కింద గీత.
పిల్లలు మారారు, అద్దె ఇళ్లు మారాయి,
ఏ సబ్బుకీ ఆ చుక్కలు పోలేదు.
"అమ్మా, ఇది నా పేరా?" అనడిగింది వకుళ ఒకసారి.
పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ఊఁ అన్నాను.
ఎల్‌కేజీలో పేరు రాయమంటే
మూడు చుక్కలు పెట్టి, గీత గీసి వచ్చింది.

అడుగున, ఎండిన వేపాకు కింద, అది.
మల్లు గుడ్డ. బొత్తాల్లేవు,
పక్కన ముడేసుకునే నాడాలు.
పెరుగు మీగడలా పసుపు తిరిగింది.
జానెడే. చీటీ లేదు, ఎప్పుడూ లేదు.
పుట్టిన బిడ్డకి కొత్త గుడ్డ తొడగకూడదు,
నిలిచిన బిడ్డ విడిచింది తొడగాలి, అంటారు మా అత్తగారు.
ఏడుగురు తొడిగారు, ఏడుగురూ నిలిచారు.
దాన్ని మాత్రం గడప దాటించొద్దన్నారు.

నిన్న మెట్ల మీద కింది వాటా అముద ఆపింది.
కోడలికి ఎనిమిదో నెల.
ముందు రెండుసార్లు ఏమైందో ఈ మెట్లకి తెలుసు.
"కొత్తది వద్దు, పాత చొక్కా ఒకటుంటే ఇవ్వు."
తమిళంలోనే అడిగింది.
మా అత్తగారి వాక్యమే, మాట మాటకీ.

ఆవిడ కిటికీ దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.
మధ్యాహ్నం కునుకు పట్టేదాకా ఆగుదామని
చొక్కాని ఒళ్లో, చీర కుచ్చెళ్ల కింద దాచాను.
కునుకు పట్టలేదు.
చిక్కుళ్లు అయిపోయాయి.
చేటలోంచి తలెత్తకుండానే అన్నారు:
"ఎడమ పక్క నాడా ఊడింది చూడు.
కుట్టి ఇవ్వు.
ఊడినదిస్తే వాళ్లేమనుకుంటారు?"

తెల్ల దారం దొరకలేదు. నీలంతో కుట్టాను.
సూదిలో దారం ఆవిడే ఎక్కించారు,
మూడోసారికి.

సాయంత్రం కొత్త వేపాకు వేసి, పెట్టెల మీద
మార్కరుతో కొలతలు రాశాను.
"జానా బెత్తెడా? ఇదేం సైజు?" అన్నాడు మా ఆయన
నిచ్చెన మీద మిక్సీ పెట్టె మోస్తూ.
వాడికి తెలియనివ్వలేదు,
నాలుగో కుప్పంతా అందులోనే ఉందని.